నీళ్ల రబ్బరు

ఆయన వాషరు కొనేముందు దాన్ని కొరికి చూసేవాడు. కుడి దవడ పళ్ల మధ్య పెట్టుకుని, కళ్లు సగం మూసి, రెండుసార్లు మెల్లగా నొక్కేవాడు. తర్వాత తీసి చొక్కా అంచుకు తుడిచి, "ఇది గట్టిదండి, మందుకు పనికొచ్చిద్ది" అనో, "ఇది మెత్తనిది, మాట వినిద్ది" అనో తేల్చేవాడు. హార్డ్‌వేర్ కొట్టాయనతో రోజూ గొడవే.

"నువ్వు ఎంగిలి చేసింది ఇంకెవరికి అంటగట్టనయ్యా?"

"అందుకేగదండీ, కొరికినవన్నీ నేనే కొనుక్కుపోతన్నా."

పోయిన నెలలో ఆయన చనిపోయాడని మా వీధి టీ కొట్టు దగ్గర ఎవరో అంటుంటే విన్నాను. ఇరవై ఏళ్ల కిందట ఒక పొద్దున, నలుగురి ముందు, ఆయన ఒక వాషరు కొరికి నావైపు చూసిన చూపు గుర్తొచ్చింది. టీ సగంలోనే గ్లాసు కింద పెట్టేశాను.

ఆయన బతికుండగా నేనాయన్ని 'ఆయన' అనలేదు. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడైనా ఎదురుగా 'నువ్వు' అనేవాణ్ణి, చాటున 'వాడు' అనేవాణ్ణి. మా వీధిలో అందరూ అలాగే అనేవాళ్లు కాబట్టి అదొక తప్పుగా ఎప్పుడూ తోచలేదు. ఆయన మాత్రం నన్ను 'బాబుగారూ' అనేవాడు.

సత్తెనపల్లిలో పురుగుమందుల కొట్లుండే వీధి చివర ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. పత్తికీ మిరపకూ మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసేవాడు. పత్తి పూతకొచ్చిందంటే షెడ్డు ముందు డబ్బాలు బారులు తీరేవి. రైతు వచ్చి డబ్బా ముందుకు తోస్తే, దాన్ని చూసేవాడు కాదు.

"డబ్బా తర్వాత చూద్దామండి. ముందు మీరు వెనక్కి తిరగండి."

రైతు వెనక్కి తిరిగేవాడు. చొక్కా మీద తెల్లగా కట్టిన మరక ఎక్కడుందో చూసి, ఏ జాయింటు కారుతోందో డబ్బా ముట్టుకోకుండానే చెప్పేవాడు. మరక పెద్దదైతే ముందు ఆ రైతును పంపు దగ్గరికి తోలి, సబ్బుతో వీపు కడుక్కుని రమ్మనేవాడు. డబ్బా కారితే వీపు మీద పడేది పురుగుమందు. అది ఒంట్లోకి దిగితే కళ్లు తిరగడం, వాంతులు, గుంటూరు పెద్దాసుపత్రి. అందుకని మా ప్రాంతంలో స్ప్రేయరు బాగుచేసేవాడి మీద రైతుకు ఉండాల్సింది ఒక్కటే, నమ్మకం. ఆ నమ్మకం ఆయనకు దండిగా ఉండేది. దాన్ని పోగొట్టింది నేను. ఎలా పోగొట్టానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అదే వీధిలో మేడమీద నాకు పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియో ఉండేది. ముందు గదిలో స్టూడియో, వెనక రెండు గదుల్లో మా కాపురం. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. పక్కనే పత్తి జిన్నింగు మిల్లు. దూది నలుసులు గాల్లో తేలుతూ వచ్చి కంప్యూటరు ఫ్యాన్లలో పేరుకునేవి. వారానికోసారి విప్పితే గుప్పెడు దూది వచ్చేది. ఇక వేసవిలో, పైన రేకుల కప్పు కింద, ఒక పెళ్లి సగం తయారయ్యేసరికి కంప్యూటరు వేడెక్కి ఆరిపోయేది. మళ్లీ మొదటినుంచీ.

అలాంటప్పుడు ఒక పత్రికలో నీళ్లతో చల్లబరిచే కంప్యూటర్ల గురించి చదివాను. ప్రాసెసరు మీద లోపల కాలువలున్న రాగి దిమ్మె పెడతారు. చిన్న మోటారు దానిలోంచి నీళ్లు తిప్పుతుంది. వేడెక్కిన నీళ్లు రేడియేటరులో చల్లారి తిరిగొస్తాయి. అంతే. రాగి దిమ్మె లేతు మిషను దగ్గర చేయించాను. రేడియేటరు బెజవాడ ఆటోనగర్‌లో ఒక పాత కారుది దొరికింది. మోటారు ఎయిర్ కూలరుది. అన్నీ బల్లమీద పెట్టి, కుళాయిలకు వాడే జాయింట్లతో కలిపి నీళ్లు పోస్తే, బల్లంతా చెరువైంది. టేపు చుట్టాను, ఇంకా గట్టిగా బిగించాను. ఇంకా కారింది. చివరికి చుట్టుపక్కల నీళ్లు ఆపగలిగిన మనిషి ఒక్కడే గుర్తొచ్చాడు.

ఆయన మేడెక్కి వచ్చి గడప మీద కూర్చున్నాడు. లోపల మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేను కూర్చోమనలేదు, ఆయన చూడలేదు. టీ తెచ్చినవాడితో ఆయనకు ప్లాస్టిక్ కప్పులో పొయ్యమన్నాను.

"లోపల ఏం పోయిద్దండి?"

"నీళ్లే."

"ఎంత వేడి?"

"గోరువెచ్చన. అంతకుమించి ఉండదు."

"తోపెంత?"

మోటారు ఆన్ చేసి పైపు చివర చూపించాను. బొటనవేలు అడ్డుపెట్టి చూసి నవ్వాడు. "ఇంతేనా? మా డబ్బా తోపులో పదోవంతు లేదు గదండీ. దీనికా మీరు పైపురెంచి పట్టుకుని కుస్తీ పట్టింది!"

ఆ మధ్యాహ్నం షెడ్డులో ఆయన చూపించింది నేను కళ్లారా చూశాను. ఒక సీసాలో కిరసనాయిలు పోసి రెండు వాషర్లు వేశాడు. చూడ్డానికి రెండూ ఒక్కలాగే నల్లగా ఉన్నాయి. గంట తర్వాత పుల్లతో తీశాడు. ఒకటి అలాగే ఉంది. రెండోది ఉబ్బి గారెలా అయింది.

"ఈ ఉబ్బనిది మందు రబ్బరండి. గట్టిది. మందులో ఉండే నూనెకు లొంగదు. కానీ తోపు బలంగా ఉంటేనే సర్దుకు కూచునిద్ది. మీ మోటారు తోపుకు అది కదలదు, సందులోంచి కారిద్ది. మీకు కావల్సింది ఈ రెండోది. నీళ్ల రబ్బరు. మెత్తంగా ముద్దెట్టుకున్నట్టు కూచునిద్ది. ఒక్కటే జబ్బు దీనికి. కిరసనాయిలు తగలకూడదు. కల్లు తాగినోడల్లే ముందు ఉబ్బుద్ది, దిగినాక ముడుచుకుపోయిద్ది."

టేపు వద్దన్నాడు. దాని పీలికలు తెగి రాగి దిమ్మె కాలువలకు అడ్డం పడతాయట. నేను తెచ్చిన జాయింట్లలో రెండు సత్తువి. వాటిని పక్కకు తోసేశాడు. "రాగికీ సత్తుకీ నీళ్లలో పొసగదండి. రాగి దాన్ని తినేసిద్ది." రాగి, ఇత్తడి తప్ప ఇంకేదీ నీళ్లకు తగలనివ్వలేదు. కుళాయి నీళ్లు కూడా పొయ్యనివ్వలేదు. "మన నీళ్లలో దాచేపల్లి కొండలన్నీ కరిగున్నయ్యండి. నెల్లో సున్నం కట్టిద్ది" అని బ్యాటరీల్లో పోసే నీళ్లు తెమ్మన్నాడు. పైపును వేడినీళ్లలో ముంచి మెత్తబరిచి ఎక్కించాడు. నూనె రాస్తే సులువు కదా అన్నాను.

"ఇయ్యాల ఎంత సులువుగా ఎక్కుద్దో, రేపు అంత సులువుగా ఊడుద్దండి."

రెంచి పట్టుకోనివ్వలేదు. చేత్తో బిగిసినంత, ఆపైన పావు చుట్టు. అదీ ఆయన లెక్క.

అంతా అయ్యాక ఆయనొక పని చేసేవాడు. ఏ స్ప్రేయరుకైనా చేసేవాడు. పాత పేపరును సన్నటి ముక్కలుగా చింపి, ఒక్కో జాయింటు కింద ఒక్కో ముక్క పెట్టేవాడు. చుక్క పడినా, చెమ్మ తగిలినా కాగితం ముడుచుకుంటుంది.

"పేపర్లో రాసింది అబద్ధమయినా కావచ్చండి. తడిస్తే మాత్రం నిజమే చెప్పిద్ది."

ఎనిమిది జాయింట్లు, ఎనిమిది ముక్కలు. అది శనివారం. కంప్యూటరుకు కరెంటు ఇవ్వకుండా ఉత్త మోటారు మాత్రమే తిప్పి వదిలేశాడు. "రేపు ఆదివారమండి, చర్చికి పోవాలి, రాను. ఏదీ ముట్టుకోకండి. సోమవారం పొద్దున్నే కాగితాలు చూసి, అప్పుడు కలుపుదాం."

ఆదివారం పొద్దున మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గదిలోకొచ్చింది.

"ఏవండీ, ఏంటీ పురుగుమందు కంపు?"

నిజమే, వాసన ఉంది. వాషర్లు కొత్తవే. నా కళ్లముందే కొన్నాడు, నా కళ్లముందే కొరికాడు. కానీ ఆయన తన పనిముట్ల పెట్టెలో వేసుకొచ్చాడు. ఆ పెట్టెకీ, ఆయన చేతులకీ ఆ వాసన ఉంటుంది. వచ్చేవాళ్లంతా పెళ్లివాళ్లు, పట్టుచీరల్లో వచ్చి కూర్చుంటారు. నా స్టూడియోలో ఆయన వాసన ఉండటం నాకు నామోషీ అనిపించింది. ఉన్నమాట అదే. ఇంకో కారణమేదీ లేదు.

మా ఇళ్లలో పురుగుమందు వాసన పోవాలంటే ఏం చేస్తారో మా వైపు వాళ్లకు తెలుసు. మందు కొట్టొచ్చిన చేతులైనా, గిన్నెలైనా కిరసనాయిలుతో తుడుస్తారు. నేను మోటారు ఆపి, నీళ్లు వంపి, ఎనిమిది జాయింట్లూ విప్పి, వాషర్లు తీసి కిరసనాయిలు పోసిన గిన్నెలో వేశాను. సీసాలో గారెలా ఉబ్బిన రబ్బరు గుర్తుంది. నానబెడితే కదా ఉబ్బేది, కడిగితే ఏమవుతుంది అనుకున్నాను. రెండుసార్లు కడిగినా వాసన పోలేదు. ఇంతలో మా ఆవిడ భోజనానికి పిలిచింది. తిని వచ్చేసరికి గంట దాటింది. వాషర్లు గుడ్డతో తుడిచి, మళ్లీ బిగించి, బ్యాటరీ నీళ్లు పోసి, మోటారు తిప్పాను. కింద కాగితం ముక్కలు తడిసిపోయాయి కదా, అవి తీసి పారేసి కొత్తవి చింపి పెట్టాను.

సోమవారం ఆయన వచ్చి మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో ముక్కా తీసి వెలుగులో పట్టుకుని చూశాడు. ఎనిమిదీ పొడిగా ఉన్నాయి. ఉబ్బిన రబ్బరు ఇంకా గట్టిగానే పడుతుందని అప్పుడు నాకు తెలియదు. ఆయన ముక్కు ఎగబీల్చాడు.

"కిరసనాయిలు వాసన వస్తందేందండి?"

"లోపల స్టవ్వులో పోశారు" అన్నాను.

ఆయన తలూపాడు. నామాట నమ్మాడు. కంప్యూటరు ఆన్ చేశాం. మిట్టమధ్యాహ్నం, రేకుల కప్పు కింద, గంటలకొద్దీ ఆగకుండా పనిచేసింది. ఆయన రేడియేటరు మీద అరచెయ్యి పెట్టి, జ్వరం తగ్గిన పిల్లవాడి నుదురు చూసినట్టు చూసి, "చల్లగానే ఉందండి" అని నవ్వాడు.

పది రోజులు బాగానే నడిచింది. ఆ పది రోజుల్లో రబ్బరులోని కిరసనాయిలు ఆరి, వాషర్లు ముడుచుకుంటూ వచ్చాయి. పదకొండో రోజు రాగి దిమ్మె దగ్గర జాయింటు కారి, కింద ఉన్న బోర్డులూ, హార్డ్‌డిస్కూ కాలిపోయాయి. అందులో ఒక మిర్చి వ్యాపారి కూతురి పెళ్లి ఉంది. పెళ్లయిన వారానికి ఆ వ్యాపారి తల్లి చనిపోయింది. ఆమె నడవడం, నవ్వడం, మనవరాలి తల మీద అక్షింతలు వెయ్యడం ఉన్నది ఆ పెళ్లిలోనే. పెద్దకర్మ నాడు బంధువులందరికీ చూపించాలని అడిగారు. కెమెరా టేపులేవీ అంటే, వాటి మీద అప్పటికే ఇంకో పెళ్లి తీసేశాను.

వ్యాపారి తమ్ముళ్లిద్దర్ని వెంటబెట్టుకుని మేడెక్కి వచ్చాడు. అడగకముందే నోటికొచ్చింది. "నాదేం లేదండీ. జాయింట్లు బిగించింది ఆ స్ప్రేయర్ల మేస్త్రీ." పదమన్నారు. కారిన వాషరు జేబులో వేసుకుని నేనే ముందు నడిచాను.

షెడ్డు ముందు ఏడెనిమిదిమంది రైతులు డబ్బాలతో నిలబడి ఉన్నారు.

"ఏరా, ఈయన కంప్యూటర్లో నీళ్లు పెట్టింది నువ్వేనా?" అన్నాడు వ్యాపారి.

"నేనేనండి."

"మా అమ్మ పోయిందిరా. ఆమె బొమ్మ అందులోనే ఉంది. ఇప్పుడు లేదంటన్నాడు."

ఆయన చేతిలో స్పానరు కింద పెట్టేశాడు. "అయ్యో, తల్లే!" అన్నాడు. నేను ఆ వ్యాపారితో ఆ మాట అనలేదని అప్పుడు తెలిసింది.

వాషరు తీసి ఆయన చేతికిచ్చాను. వేళ్లతో నలిపి చూశాడు. అలవాటుగా దవడ కింద పెట్టి నొక్కాడు. నొక్కిన దవడ ఆగిపోయింది. వాషరు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని నావైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. తెలిసిపోయింది, అంతే.

"ఇది నేనేసిన వాషరేనండి" అన్నాడు.

అని ఆగాడు. మిగతాది నేను చెబుతానని. వీధంతా నావైపే చూస్తున్నట్టుంది. "ఆదివారం నేను విప్పాను" అంటే సరిపోయేది. మూడు మాటలు.

నేనన్న మాటలు వేరే. "లీకు మేస్త్రీని నమ్ముకుంటే ఇంతే అవుద్ది" అన్నాను.

ఎవరో నవ్వారు. వ్యాపారి పెద్ద తమ్ముడు పెట్టెను కాలితో తన్నితే వాషర్లు, స్ప్రింగులు, నాజిల్స్ రోడ్డు మీద చెల్లాచెదురయ్యాయి. ఆయన వంగి ఏరుకుంటున్నాడు. అప్పుడొక రైతు ముందుకొచ్చాడు.

"మేస్త్రీ, నా డబ్బా ఇంకా విప్పలేదుగా?"

"లేదండి."

"అయితే ఇటీ. వీపుకు తగిలే సరుకు."

ఆ రైతు వెనక ఇంకొకడు. ఆ వెనక మరొకడు. పొద్దెక్కేసరికి షెడ్డు ముందు ఒక్క డబ్బా లేదు. నేనన్న పేరు నాకంటే ముందే ఊళ్లకు పోయింది. ఆ ఏడాది పత్తికి పురుగు ఎక్కువ. అందరి డబ్బాలూ వేరే చోటికి వెళ్లాయి.

ఆయన నా దగ్గరికి ఒక్కసారే వచ్చాడు. మిరపకోతలప్పుడు, ఒక మధ్యాహ్నం. ఎప్పట్లాగే గడప దగ్గర ఆగాడు. ఈసారి కూర్చోలేదు.

"బాబుగారూ, ఒక్కమాట. మీరు కడిగారని చెప్పబన్లేదండి. మీకు మాటొచ్చిద్ది, నాకు తెలుసు. వాషరు మంచిదే, బిగింపు మంచిదే, ఇంకేదో అయింది అనండి చాలు. కొట్ల దగ్గర ఒక్క నలుగురితో అనండి. డబ్బాలు వస్తయ్యి."

"చూద్దాంలే మేస్త్రీ" అన్నాను.

"మంచిదండి" అని దిగిపోయాడు. నేను చూడలేదు. నెల తర్వాత షెడ్డు రేకులు విప్పుతుంటే మేడమీద నుంచి చూశాను. దాచేపల్లి వైపు ఏదో సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా చేరాడన్నారు. ఆ చేతులతో బస్తాలు మోసి ఉంటాడు. ఆ తర్వాత ఆయన్ని చూడలేదు.

చనిపోయాడని విన్నాక వినుకొండలో జ్ఞాపకార్థ కూడిక ఉందని తెలుసుకుని వెళ్లాను. ఆయన కూతురు అక్కడ బడిలో టీచరు. పాస్టరుగారు ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. ఒక ముసలి రైతు కర్ర పట్టుకుని లేచాడు. "ఆయన చేతిలో పడ్డ డబ్బా నా వీపు ఒక్కనాడు తడపలా. ఎవరో ఏందో అన్నారని నేనూ మానేశా. మానేసిన ఏడే ఆసుపత్రిలో పడ్డా" అని కూర్చున్నాడు. నేను చెప్పాలనే వెళ్లాను. లేచాను. "చాలా మంచి మనిషి, పనిమంతుడు" అని కూర్చున్నాను.

తర్వాత ఆ అమ్మాయి ఇంటికి తీసుకెళ్లి కుర్చీ వేసింది. స్టీలు గ్లాసులో టీ ఇచ్చింది. చెయ్యి కడుక్కుందామని పెరట్లోకి వెళితే, కుళాయి జాయింటు కింద సన్నటి పేపరు ముక్క ఉంది. వంటింటి కుళాయి కింద ఒకటి. నీళ్ల డ్రమ్ము కింద ఒకటి. అన్నీ పొడిగా, పసుపుపచ్చగా.

"ఫ్యాక్టరీ పని మానేసి ఇక్కడికొచ్చాక నాన్న పెట్టాడండి. ఎందుకు నాన్నా అంటే, 'ఎవరన్నా వచ్చి అడిగితే చూపిద్దామమ్మా' అనేవాడు" అంది. కుళాయి కింది ముక్కను సర్ది, "ఎవరూ రాలేదండి" అంది.

ఇంటికొచ్చి పై మాటలన్నీ రాశాను. వారం పట్టింది. మొన్న మళ్లీ వెళ్లి ఆ అమ్మాయికి చదివి వినిపించాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా వింది.

"మీరు నాన్నని ఆ మాట అన్నది ఎక్కడండి?"

"బజార్లో."

"మరి ఇంట్లో తలుపులేసుకుని నాకు చదువుతారేంటి?"

కాగితాలు మడిచి లేచాను. గుమ్మం దాకా వచ్చింది. "ఇందులో మా నాన్న పేరు మాత్రం రాయకండి. మీ కాగితంలో ఆయన పేరు నాకొద్దు. చెప్పదలుచుకుంటే నోటితో చెప్పండి" అంది.

అందుకే ఇందులో పేరు లేదు.

ఈ పొద్దున పురుగుమందుల వీధికి వెళ్లాను. ఆ షెడ్డున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. పత్తికి మందుల కోసం రైతులు పొద్దున్నే వస్తారు. పదిమంది దాకా ఉన్నారు. కాగితం చేతిలో పట్టుకుని, ఒకాయన గురించి చెప్పాలి, కాస్త వినండి అన్నాను. ఆయన పేరు ఇంటిపేరుతో సహా, గారు అని చేర్చి చెప్పాను. ఆయన పేరు నేను నోటితో పలకడం అదే మొదలు.

"ఎవరండీ ఆయన?" అన్నాడొకడు.

"మన వీధిలోనే ఉండేవారు."

"ఆ పేరుగలాయన ఇక్కడెవరూ లేరే" అన్నాడు మందుల కొట్టాయన. ముప్పై ఏళ్లుగా అదే కొట్టు ఆయనది.

"స్ప్రేయర్లు బాగుచేసేవారు. ఆ చివర రేకుల షెడ్డు."

వాళ్లలో వాళ్లు మొహాలు చూసుకున్నారు. ఒక పెద్దాయన గుర్తు తెచ్చుకోవాలని కళ్లు చికిలించాడు, గుర్తు రాలేదు. జనం కదిలిపోతున్నారు. ఇంక ఒక్క మాటే మిగిలింది నా దగ్గర.

"లీకు మేస్త్రీ" అన్నాను.

"ఆఁ, ఆయనా!" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే. వెళ్లబోయినవాళ్లు వెనక్కి తిరిగారు.

కాగితం మడత విప్పి చదవడం మొదలుపెట్టాను.